సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే ముందే ఈహెచ్‌పీ జబ్బు సంగతి చూసుకోండి

పోయిన పంటలో మా రొయ్యల చెరువులో చావులు లేవు. చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత ఖాళీ అవుతూనే ఉంది. యాభయ్యో రోజున విసురు వల వేస్తే వేలంత రొయ్యా, అగ్గిపుల్లంత రొయ్యా పక్కపక్కనే పడ్డాయి. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంతని రాసుకోవాలో అర్థం కాలేదు. ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్ష చేయిస్తే ఈహెచ్‌పీ అని తేలింది. తెల్లమచ్చ జబ్బు వస్తే ఉన్నపళంగా పట్టుబడి చేసేస్తాం (రొయ్యలన్నీ పట్టేస్తాం). ఇది అలా తేల్చదు, మేత బిల్లు పెంచుకుంటూ పోతుంది.

ఈహెచ్‌పీ ఫంగస్‌కు దగ్గరి చుట్టం, మైక్రోస్పోరిడియా జాతి. థాయ్‌లాండ్ టైగర్ రొయ్యల్లో దొరికిన దీనికి 2009లో పేరు పెట్టారు. రొయ్య తలలో మనం లివర్ అనుకునే హెపటోపాంక్రియాస్ కణాల్లో చేరి, ఒంటికి పట్టాల్సిన బలాన్ని లాగేసుకుంటుంది. దీని బీజాలు మలంతో బయటికొచ్చి బురదలో ఉండిపోతాయి. వచ్చాక మందు లేదు. ఇది బ్యాక్టీరియా కాదు కాబట్టి యాంటీబయాటిక్ పోస్తే డబ్బు దండగ, పైగా రొయ్యలో దాని అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. షాపులో సీసాలకు పెట్టే డబ్బేదో, బురదలోని ఆ బీజాలను చంపే సున్నానికి ఇప్పుడే పెట్టండి.

ఏ సున్నమన్నదే అసలు విషయం. చాలామంది చల్లే వ్యవసాయ సున్నం దీనికి పనికిరాదు, దాంతో పీహెచ్ (నేల క్షారగుణం కొలత) ఆ బీజాలు చచ్చేంత పైకి పోదు. కావాల్సింది కాల్చిన రాతి సున్నం. దించుకునే ముందు ఒక గడ్డ తీసి బకెట్ నీళ్లలో వేసి చూడండి. బుసబుసమంటూ ఉడికితే మంచి సరుకు. చప్పుడు చేయకుండా కూర్చుందంటే గాలి తగిలి చచ్చిపోయిన సున్నం, లారీ తిప్పి పంపేయండి. మా దగ్గర అలా ఒక లోడు మొహమాటానికి దించుకున్నాం, ఆ మొహమాటం ఖరీదు తర్వాత తెలిసింది.

చెరువు బాగా ఎండాక 10-12 సెంటీమీటర్ల లోతు దున్ని, హెక్టారుకు 6 టన్నులు, అంటే ఎకరానికి 50 కిలోల బస్తాలు దాదాపు 49 వేయాలి. తర్వాత నేల తడిసేలా నీళ్లు చల్లాలి. పొడి నేల మీద వేసి వదిలేస్తే సున్నం పనిచేయదు. ఆ బురద కొంచెం నీళ్లలో కలిపి పీహెచ్ చూస్తే 12 దాటాలి. వారం అలాగే ఉంచి, పీహెచ్ మామూలుకు దిగాకే చెరువు నింపండి. చల్లే కూలీలకు కళ్లద్దాలు, మాస్కు, గ్లౌజులు, బూట్లు ఇవ్వండి. ఒంటికి కొబ్బరినూనె రాసుకుంటే చాలదు. తడి కంట్లో సున్నం పడితే చూపే పోవచ్చు. గాలి రోజున ఆ పని పెట్టుకోవద్దు.

ఇక సీడ్. హేచరీ (పిల్లలను పుట్టించే కేంద్రం) వాళ్లు ఇచ్చే కాగితం ఒక్కటే నమ్ముకోవద్దు. మీరు కొనే ట్యాంకు నుంచే కనీసం 150 పిల్లలు తీయించి, మీకు నచ్చిన ల్యాబ్‌లో ఈహెచ్‌పీ పీసీఆర్ చేయించండి. తల్లి రొయ్యలు ఎక్కడివో, వాటి మలం పరీక్ష చేశారో లేదో అడగండి. వాటికి పచ్చి సముద్రపు పురుగులు మేపుతుంటే జాగ్రత్త, జబ్బు ఆ దారిలోనూ వస్తుంది. చెరువులో పెరిగిన రొయ్యలనే తల్లులుగా వాడే చోట రేటు ఎంత తగ్గించినా కొనకండి.

వలలు, చెక్ ట్రేలు, బకెట్లు ఏ చెరువువి ఆ చెరువుకే. పీతలు రాకుండా చుట్టూ వల కట్టండి.

సీడ్ వదిలిన నెలకు మళ్లీ ఒకసారి పీసీఆర్ చేయించండి. సైజుల్లో తేడా కనబడినా, నీటిపైన తెల్లటి మలం దారాలు తేలినా అంతవరకూ ఆగొద్దు. పాజిటివ్ వచ్చి ఎదుగుదల ఆగిపోతే, 'ఇంకో పది రోజులు చూద్దాం' అనుకోకుండా మేత లెక్క వేసుకుని పట్టుబడి చేసేయండి. ఆ నీళ్లు మాత్రం బ్లీచింగ్ చేయకుండా కాలువలోకి వదలొద్దు. కింది చెరువు ఆయన అదే కాలువకు మోటారు పెడతాడు, ముందుగా ఆయనకు ఒక ఫోన్ చేయండి.