కాస్‌ప్లే వేషానికి ముందుగా సమకూర్చుకోవలసిన పనిముట్లు

గంగమ్మ జాతరలో నామకొమ్ము పూసుకొని బైరాగులై, బొగ్గుపొడి పూసుకొని తోటివారై ఊరంతా తిరిగే తిరుపతికి వేషం కట్టడం కొత్త విషయం కాదు. అయితే యానిమే అనే జపాన్ కార్టూన్ల, వీడియో గేముల పాత్రల వేషాలు కట్టే కాస్‌ప్లేకు ఒంటిపూత ఒక్కటే సరిపోదు. కవచం, భుజకీర్తులు, ఖడ్గం అన్నీ మనమే తయారు చేసుకోవాలి కాబట్టి, చేతిలో ఉన్న పనిముట్టును బట్టే వేషం తీరు ఉంటుంది.

కవచాలకు ఎక్కువమంది వాడేది ఈవీఏ ఫోమ్. పిల్లల గదుల్లో ముక్కకు ముక్క తగిలించి పరిచే రంగుల చాపలు సాధారణంగా ఈ పదార్థంతో చేసినవే. కవచానికి 10 మిల్లీమీటర్ల మందం, దాని మీది అలంకారాలకు 2 నుంచి 5 మిల్లీమీటర్ల మందం సరిపోతాయి.

ఫోమ్ మీద కత్తి పెట్టడానికి ముందు కొలత తీయాలి. పాత బనియను వేసుకొని, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, ఆపైన మాస్కింగ్ టేపు అంటించి, కవచం గీతలను ఆ టేపు మీదే పెన్నుతో గీయించుకోవాలి. తరువాత దానిని జాగ్రత్తగా కత్తిరించి తీసి, ఒకవైపు సగాన్ని మాత్రమే అట్ట మీదికి ఎక్కించి, రెండో సగానికి ఆ అట్టనే తిరగేసి వాడితే, కుడి ఎడమలు తేడా లేకుండా వస్తాయి.

డబ్బు తక్కువగా ఉంటే మొదట కొనవలసింది 18 మిల్లీమీటర్ల బ్లేడు ఉన్న మంచి కట్టర్, దానితోపాటు ఒక స్టీలు స్కేలు. ఫోమ్ మెత్తగా కనిపించినా బ్లేడు పదునును చాలా త్వరగా తినేస్తుంది. మొద్దుబారిన బ్లేడు ఫోమ్‌ను కోయదు, పీకుతుంది. కోసిన అంచు గరుకుగా, పళ్ళు పళ్ళుగా కనిపించగానే బ్లేడు కొన విరిచేయాలి. జిగురు సరిగా పట్టడం లేదని బాధపడేవారు ముందు కోతను చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే వంకర అంచులను ఏ జిగురూ కలపలేదు. ఒకే ఊపున లోతుగా నొక్కకుండా రెండు మూడు సార్లు లాగాలి. రెండు ముక్కలు మూలలా కలవవలసిన చోట బ్లేడును 45 డిగ్రీలు వాల్చి రెండింటినీ కోయాలి.

తరువాతది బాగా వేడిగాలి ఊదే హీట్ గన్. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ వేడి దీనికి చాలదు. జానెడు దూరంలో పట్టుకొని, ఒకచోట నిలపకుండా కదుపుతూ ఉంటే, కాసేపటికి ఫోమ్ ఉపరితలం కొద్దిగా మెరుస్తుంది. ఆ మెరుపు కనిపించిన వెంటనే చేతి తొడుగులతో తీసి, స్టీలు బిందె వంపు మీద ఒత్తిపెట్టి చల్లారే దాకా కదలనివ్వకపోతే, భుజానికి సరిపడే గుండ్రం నిలిచిపోతుంది. ఫోమ్ మీద కట్టర్‌తో సగం లోతు వరకు గీసి అదే వేడి చూపిస్తే ఆ గీత విచ్చుకొని, లోహపు రేకు మీది చెక్కుడులా కనిపిస్తుంది. వేడికి పై రంధ్రాలు మూసుకుంటాయి కాబట్టి రంగు కూడా తక్కువగా పీల్చుకుంటుంది.

అతుకులకు కాంటాక్ట్ జిగురు వాడాలి. రెండు అంచులకూ పల్చగా రాసి, వేలికి అంటనంత వరకు, అంటే పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, ఒక చివర నుంచి కలుపుకుంటూ రావాలి. ఒకసారి తగిలితే మళ్ళీ జరపడం కుదరదు. దాని ఆవిరి ఆరోగ్యానికి హానికరం కాబట్టి ఈ పని మిద్దె మీద, గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయాలి. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, ఆవిరిని పీల్చే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు వేసుకోవాలి. జిగురు కడ్డీని కరిగించి వదిలే గ్లూ గన్‌ను పూసలు, అంచు పట్టీల వంటి చిన్న అలంకారాలకే పరిమితం చేయడం మంచిది. 40 డిగ్రీలు దాటే మన మే నెల ఎండలో తలుపులు మూసిన కారులో ఉంచితే ఆ జిగురు మెత్తబడి అతుకు ఊడుతుంది. పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేసిన భాగాలు కూడా 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి కాబట్టి వాటినీ అలా వదలకూడదు.

అంచులు నునుపు చేసే రోటరీ యంత్రం మొదటి వేషానికి అవసరం లేదు. 120, 220 నంబర్ల ఉప్పు కాగితం, ఓపిక ఉంటే చాలు. రంగుకు ముందు నీళ్ళు కలిపిన తెల్ల ఫెవికాల్‌ను మూడు నాలుగు పూతలుగా వేసి ఆరనివ్వాలి. ఆపైన నల్ల యాక్రిలిక్ వేసి, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో అంచుల మీద వెండి రంగు రుద్దితే ఇనుము వాలకం వస్తుంది.

కట్టుకొనే పద్ధతికి మన జిల్లా వీధినాటకమే మంచి పాఠం. ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం ఉత్సవాల్లో రాత్రంతా ఆడే కళాకారులు తేలికైన చెక్కతో చేసిన భుజకీర్తులను ఎక్కడెక్కడ తాళ్ళతో బిగిస్తారో దగ్గరగా చూడండి. కాస్‌ప్లేలో తాళ్ళకు బదులు వెల్క్రో, ఎలాస్టిక్, బ్యాగు క్లిప్పులు వాడతాము, బ్యాగులు బాగుచేసే దుకాణాల్లో ఇవి దొరుకుతాయి. బరువు ఒక్క భుజం మీదే పడకుండా వీపు మీదుగా రెండో వైపు చంక కిందికి పట్టీ తీసుకురావాలి.

ఖడ్గానికి నడుమ సన్నని పీవీసీ గొట్టం పెట్టి చుట్టూ ఫోమ్ అంటించాలి, లోహపు ఆయుధాలను కామిక్స్, యానిమే అభిమానులు కలిసే కామిక్ కాన్ వంటి వేడుకల్లోకి రానివ్వరు. హైదరాబాదుకో చెన్నైకో రైలులో వెళ్ళేటప్పుడు మండే గుణమున్న కాంటాక్ట్ జిగురును వెంట తీసుకెళ్ళకూడదు. మరమ్మతుకు గ్లూ గన్, టేపు, పిన్నీసులు, సూదీదారం, కొద్దిగా వెండి రంగు ఒక చిన్న డబ్బాలో సర్దుకోండి.