డయాలసిస్ మొదలైన ఇంటికి నలుగురి తోడు ఎలా తెచ్చుకోవాలి

మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి వైపు మనిషి ఎదురైతే "క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) ఎంతొచ్చింది?" అని అడగడం కుశలప్రశ్న లాంటిదే. మా ఆయన కిడ్నీలు చెడి డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మిషను దగ్గరే. రానూపోనూ కలిపితే ఆ రోజు పోయినట్టే. ఈ పని ఒక్క మనిషి వల్ల కాదు. ఇప్పుడే మొదలైన ఇళ్లవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి దాచడం మానేయండి, ఎలాగూ దాగదు. విన్నవాళ్లంతా "ఏమైనా కావాలంటే చెప్పమ్మా" అంటారు. "అలాగే" అని ఊరుకోకండి. అక్కడికక్కడే ఒక చిన్న పని చెప్పండి: "అప్పా, మంగళవారం మా పిల్లాడు బడి నుంచి వచ్చేసరికి మేముండం. వాడికింత అన్నం పెట్టు." రోజు, వేళ చెబితే ఎవరూ కాదనరు. "మమ్మల్ని ఆదుకోండి" అంటే మాత్రం మంచివాళ్లు కూడా భయపడి తప్పుకుంటారు.

డబ్బు ఇబ్బంది డ్వాక్రా సంఘంలో చెప్పండి, అదీ సమావేశంలో అందరి ముందే. లీడరు చెవిలో చెబితే వారం తిరక్కుండా అది ఇంకో కథై తిరిగొస్తుంది. డయాలసిస్ వాళ్లకి ప్రభుత్వం ఇచ్చే నెలకు 10,000 రూపాయల పింఛను కోసం సచివాలయంలో అడగండి. కాగితాల పని తెలిసినవాళ్లు సంఘంలో ఒకరైనా ఉంటారు, వాళ్లని వెంటబెట్టుకు వెళ్లండి.

ఇక దేవుడు. సాయంత్రాలు నేను రామమందిరంలో భజనకి వెళ్తాను. గొంతు బాగోదు, తాళాలు వేస్తాను. ఆ గంటసేపు నన్నెవరూ రిపోర్టుల గురించి అడగరు, నాకు అదే చాలు. మా వీధిలో ఒకామె ఉపవాస ప్రార్థనలో మా ఆయన పేరు పెట్టి ప్రార్థన చేయిస్తుంది. పిలిస్తే వెళ్లి వెనక చాప మీద కూర్చుంటాను. మా ఆయనకి ఇవేవీ పట్టవు. మందిరం అరుగు మీద కూర్చుని జీడిపిక్కల ధర మాట్లాడుకుంటారు. బలవంతం చేసి లోపలికి తీసుకెళ్లకండి, ఆ అరుగు మీద మాటలు కూడా మందే.

భక్తి పేరుతో వచ్చే కొన్నిటి విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. ఉద్దానంలో ఈ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఆ ఖాళీలో "పూర్వజన్మ కర్మ" అనేవాళ్లు దూరుతారు. అలాంటి మాట విన్నచోట రెండోసారి కూర్చోకండి. మిషను మానేసి నూనె రాసుకో, మొక్కుకో అనేవాళ్లని గుమ్మం దగ్గరే ఆపేయండి. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతి రక్తనాళాలు కలిపి చేసే ఆపరేషన్) వేసిన చేతికి రక్షాతాడు గానీ తాయెత్తు గానీ కట్టనివ్వకూడదు, బిగిస్తే రక్తం ఆగిపోతుంది. రెండో చేతికి కట్టమంటే ఏ పూజారిగారూ తప్పుపట్టరు. కార్తీక సోమవారం ఉపవాసం డాక్టరుని అడక్కుండా ఉండనివ్వొద్దు. డయాలసిస్ మనిషి నీళ్లు కొలిచే తాగాలి కాబట్టి తీర్థం చెంచాడు చాలు. అన్నిటికంటే కష్టం కొబ్బరి బోండం! మా తోటల ఊళ్లో పలకరించడానికి వచ్చేవాళ్లు చేతిలో బోండాలతోనే వస్తారు. ఆ నీళ్లలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మనిషికి ప్రమాదం. "మీ అన్నకి డాక్టరు వద్దన్నారు, పిల్లలు తాగుతారు" అని చెప్పి తీసుకోండి. వాళ్ల మనసూ నొప్పించినట్టవదు.

అసలైన బంధువులు డయాలసిస్ సెంటరులోనే దొరుకుతారు. కాళ్లు పట్టేస్తే ఎలా ఉంటుందో, నీళ్లు కొలిచి తాగడం ఎంత నరకమో పక్క మంచం మనిషికి చెప్పక్కర్లేదు. బయట బెంచీ మీద కూర్చునే ఆడవాళ్లతో ఫోన్ నంబర్లు మార్చుకోండి. ఆటో కలిసి మాట్లాడుకుంటే ఖర్చూ తగ్గుతుంది. ఒక్కోరోజు పక్క మంచం ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఇంటికి వెళ్లాలా, మన మనిషి బెదిరిపోతాడేమో అని సందేహం వస్తుంది. నేనైతే వెళ్లమనే చెబుతాను, బెంచీ మీది వాళ్లంతా కలిసి వెళ్లండి. ఆయన్ని రమ్మనాలా వద్దా అన్నది ఆయనకే వదిలేయండి.

రాత్రిళ్లు దిగులుతో మీకు నిద్ర పట్టక గుండె దడగా ఉంటే, ఎవరినీ లేపలేని వేళైతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, మనసు బాధ చెప్పుకోవడానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం అది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళలోనైనా ఎత్తుతారు. నంబరు ఇప్పుడే సెల్లులో వేసి పెట్టుకోండి, ఆ టెన్షన్‌లో వెతుక్కునే ఓపిక ఉండదు.