స్ట్రట్ బార్ బిగించేటప్పుడు కారు నాలుగు చక్రాల మీదే ఉండాలి

హైదరాబాద్‌లో నిజాంపేట నుంచి నానక్‌రామ్‌గూడ ఆఫీసుకు రోజూ నేనే కారు నడుపుకుంటూ వెళ్తాను. 2012 మోడల్ హ్యాచ్‌బ్యాక్, అమ్మడానికి మనసు రావడం లేదు. వీలైన ఆదివారం చేవెళ్ల మర్రిచెట్ల మీదుగా వికారాబాద్ పక్కనున్న అనంతగిరి దాకా వెళ్లొస్తాం. ఆ ఘాట్ మలుపుల్లో ఒకటి గమనించాను. స్టీరింగ్ తిప్పాక కారు వెంటనే తిరగదు, ఒక్క క్షణం తటపటాయించి అప్పుడు తిరుగుతుంది. స్ట్రట్ బార్ గురించి ఆలోచించింది అందుకే. బానెట్ కింద రెండు పక్కల స్ట్రట్ టవర్లనూ కలుపుతూ అడ్డంగా బిగించే కడ్డీ అది.

బానెట్ ఎత్తండి. రెండు పక్కలా గిన్నె బోర్లించినట్టు కనబడే రేకు భాగాలే స్ట్రట్ టవర్లు. షాకప్, స్ప్రింగుల పైకొస అక్కడే బిగించి ఉంటుంది. షాకప్, స్ప్రింగు కలిసి ఉండే ఈ అమరికను మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించిన ఈ పద్ధతి 1950ల మొదట్లో ఫోర్డ్ కాన్సల్‌తో జనంలోకి వచ్చింది, ఇవాళ మన రోడ్ల మీది చిన్న కార్లలో చాలావాటికి ముందువైపు ఇదే. మలుపులో బరువంతా బయటి చక్రం మీద పడినప్పుడు ఆ పక్క టవర్ ఇసుమంత కదులుతుంది, దాంతోపాటే చక్రం వాలు మారుతుంది. రెండు టవర్లనూ ఒక కడ్డీతో కలిపితే ఆ కదలిక తగ్గుతుంది. అంతే దాని పని. కారు పక్కకు ఒరగడం దీనితో తగ్గదు, అది రెండు పక్కల చక్రాలనూ కింద కలిపే యాంటీ రోల్ బార్ అనే వేరే కడ్డీ చూసుకునే పని. ఈ రెండిటినీ కలిపి చెప్పి అమ్మేవాళ్లున్నారు, జాగ్రత్త.

మీ కారుకు ఇది అవసరమా అన్నది ముందు చూసుకోండి. నేను చేసింది ఇది: కారు నేల మీద ఉండగా రెండు టవర్ల మధ్య దూరం స్టీల్ టేపుతో కొలిచాను. తర్వాత ముందు ఒక పక్క జాకీ ఎత్తి మళ్లీ అదే చోట కొలిచాను. మిల్లీమీటరు పైచిలుకు తేడా వచ్చింది, అంటే టవర్లు కదులుతున్నట్టే. జాకీ ఎత్తి ఉండగానే ఆ పక్క తలుపు తీసి వేసి చూడండి. మామూలుగా పడే తలుపు అప్పుడు పట్టేస్తుంటే బాడీ మెలి తిరుగుతోందన్నమాట. ఈమధ్య వచ్చే కార్ల బాడీలు గట్టివి, వాటిలో బార్ వేసినా పెద్దగా తెలియకపోవచ్చు.

ఇంకా ముందు చేయాల్సిన పని ఒకటుంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని కిందినుంచి పట్టుకునే కడ్డీ కీళ్లలోని రబ్బరు ముక్కలు), స్ట్రట్ మౌంట్లు (స్ట్రట్ పైకొసను టవర్‌కు పట్టి ఉంచేవి), టైర్లు బాగున్నాయో లేదో చూడాలి. మన గుంతలకూ, వానాకాలం తర్వాత మిగిలే రోడ్లకూ బుష్‌లు త్వరగా చిట్లుతాయి. నాకు మలుపులో కలిగిన తటపటాయింపులో సగం పోయింది బుష్‌లు మార్చాకే. బుష్ పోయిన కారుకు బార్ వేస్తే డబ్బు దండగ.

కొనేటప్పుడు ఎక్కడా కీళ్లు లేని ఒకే కడ్డీ తీసుకోండి. రెండు చివర్లా బోల్టు మీద తిరిగే రకం చూడ్డానికి బాగుంటుంది గానీ బలం పడినప్పుడు ఆ కీలు దగ్గరే లొంగుతుంది. మీ మోడల్‌కే చేసినదై ఉండాలి, బార్ చివర్ల ఉండే ప్లేటు రంధ్రాలు టవర్ మీద పైకి పొడుచుకొచ్చిన స్టడ్‌లకు (మరలున్న బోల్టులకు) సరిగ్గా కూర్చోవాలి.

ఇప్పుడు నాకు జరిగిన పొరపాటు. మొదటిసారి ఒక గ్యారేజీలో ఇచ్చాను. కారు లిఫ్ట్ మీద ఉంది, చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. "ఇట్లనే బిగించేస్తా మేడమ్, పది నిమిషాల పని" అన్నాడు మెకానిక్. నాకూ తెలియక సరే అన్నాను. బరువు లేనప్పుడు టవర్లు ఉండే చోటు వేరు, కారు నేల మీద నిలబడ్డాక వేరు. కిందికి దించగానే బార్ బిగుసుకుపోయింది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా టిక్కు టిక్కున చప్పుడు. వారం భరించి, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మా అమ్మాయి సాయంతో విప్పి మళ్లీ వేశాను.

సెల్లార్ నేల సమంగా ఉంటుంది, అదే కావాలి. కారు నాలుగు చక్రాల మీదే ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజను చల్లబడ్డాక మొదలుపెట్టండి. టవర్ అంచున ఉండే చిన్న నట్లు మాత్రమే విప్పాలి. మధ్యలో ఉన్న పెద్ద నట్టు జోలికి వెళ్లొద్దు. స్ప్రింగును నొక్కి పట్టి ఉంచేది అదే, విప్పితే ప్రాణం మీదికొస్తుంది. మీ కారుకు మధ్య నట్టు ఒక్కటే ఉంటే ఇది ఇంట్లో చేసే పని కాదు. ఒక పక్క నట్లు తీసి, ప్లేటు కూర్చోబెట్టి, చేత్తో నట్లు తిప్పి వదిలేయండి. అప్పుడే రెండో పక్క మొదలుపెట్టాలి. ప్లేటు మందం వల్ల నట్టు పట్టుకోవడానికి స్టడ్ తగ్గుతుంది. నట్టు పైన కనీసం రెండు మరలైనా బయటికి కనబడాలి. కనబడకపోతే ఆ బార్ మీ కారుకు వద్దు.

బార్ దానంతటదే కూర్చోవాలి, లాగి కూర్చోబెట్టకూడదు. పొడవు సర్దుకునే రకమైతే చేత్తో తిప్పినంతవరకే. ఆఖరి బిగింపు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతుంది. 8 ఎంఎం స్టడ్ అయితే సాధారణంగా 20–25 న్యూటన్ మీటర్లు, 10 ఎంఎం అయితే 45 చుట్టుపక్కల. మీ కారు సర్వీస్ మాన్యువల్ వేరే చెబితే దాన్నే నమ్మండి. చక్రాల నట్లు వందదాకా తట్టుకుంటాయని ఇక్కడా అదే బలం పెడితే స్టడ్ తెగుతుంది.

బానెట్ వేసేముందు ఒక పని. మా అమ్మాయి వంటింట్లోంచి చపాతీ పిండి తెచ్చింది. బార్ మీద మూడు చోట్ల ముద్దలు పెట్టి, బానెట్ మెల్లగా దించి తీశాం. మధ్య ముద్ద వేలు మందానికి అణిగింది, అంటే అంత ఖాళీ ఉంది. ఇంజను ఊగుతుంది కాబట్టి దాని మూతకూ బార్‌కూ మధ్య కూడా వేలు దూరేంత చోటు ఉండాలి.

ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పదు. వారంటీలో ఉన్న కారైతే షోరూమ్‌లో ముందే అడగండి. ఒక పక్క గుద్దుకుంటే దెబ్బ బార్ ద్వారా రెండో టవర్‌కూ చేరే అవకాశం ఉంది, అదీ తెలిసే వేయించుకోండి.

తేడా ఎక్కడ తెలిసిందంటే, ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) దిగే గుండ్రటి ర్యాంప్ మీద. అదే 40 వేగం, అదే టైరు గాలి. స్టీరింగ్‌ను మధ్యలో సర్దుకోవాల్సిన పని తగ్గింది, ఒకసారి తిప్పి పట్టుకుంటే చాలు. గుంతల్లో కుదుపు మాత్రం కొంచెం పదునుగా తెలుస్తోంది.

బిగించాక ప్రతి నట్టు మీదా, దాని పక్క ప్లేటు మీదా కలిపి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. రెండు వందల కిలోమీటర్లు తిరిగాక బానెట్ ఎత్తి చూస్తే ఎడమ పక్క ఒక నట్టు గీత కాస్త పక్కకు జరిగి ఉంది. దానికి కొత్త నట్టు వేసి మళ్లీ రెంచి పెట్టాను. ఆ తర్వాత అనంతగిరికి రెండుసార్లు వెళ్లొచ్చాం, గీతలు కదల్లేదు.