వేసవి సర్వేకి నల్లమలలోకి దిగేముందు

ఫిబ్రవరి చివరికల్లా నల్లమలలో ఆకు రాలిపోతుంది. వానాకాలంలో పది అడుగుల అవతల ఏముందో కనపడని చోట, ఇప్పుడు యాభై మీటర్ల దూరంలో మేస్తున్న దుప్పి కూడా కనపడుతుంది. అందుకే జంతువుల లెక్కకి, చెట్ల ప్లాట్లకి (అంటే హద్దు గీసుకుని అందులోని చెట్లు కొలిచే అడవి ముక్కలకి) ఇదే పని కాలం. ఎండ, ఎలుగుబంటి, కార్చిచ్చు, పెద్ద తేనెటీగలు అన్నీ ఒకేసారి ఎదురయ్యే కాలం కూడా ఇదే. ఈ ఏడాది మొదటిసారి అడవిలో అడుగుపెట్టబోతున్న ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పిల్లల కోసం, వాళ్ల వెంట వచ్చే వాలంటీర్ల కోసం ఇది రాస్తున్నాను.

అన్నింటికంటే ముందు ఒక విషయం. అడవిలో నడిచేటప్పుడు ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే నడుస్తారు. చెట్టుకి టేపు చుట్టేటప్పుడు, కెమెరా బిగించడానికి మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు, జీపీఎస్‌లో అంకెలు స్థిరపడేదాకా చూస్తూ నిలబడ్డప్పుడు చుట్టుపక్కల ధ్యాసే ఉండదు. నేను చూసిన ప్రమాదాల్లో ఎక్కువ భాగం అలాంటప్పుడే జరిగాయి. కాబట్టి ప్రతి టీమ్‌లో ఒకరికి ఏ పనీ చెప్పకండి. రాయడం వద్దు, టేపు పట్టడం వద్దు, ఫొటోలు వద్దు. చుట్టూ చూడటమే ఆయన పని. ఆ మనిషి అడవి తెలిసిన చెంచు వాచర్ అయితే మీ అదృష్టం. మనుషులు తక్కువ ఉన్నారని ఆయన చేతికి కూడా డేటా షీటు ఇచ్చేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

బయల్దేరే ముందు చేయాల్సినవి

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అభయారణ్యంలో పరిశోధనకి అనుమతి తప్పనిసరి. ఆ పత్రం జిరాక్సు ఒకటి ప్రతి టీమ్ దగ్గరా ఉండాలి. ఏ బీటులో (ఒక ఫారెస్టు గార్డు చూసుకునే అడవి ముక్కలో), ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో కాగితం మీద రాసి బేస్ క్యాంపులో ఇవ్వండి. లోపల చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. చెప్పిన టైముకి రెండు గంటలు దాటినా రాకపోతే ఎవరు వెతకడానికి బయల్దేరాలో కూడా ముందే అనుకోవాలి.

దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉందో తెలుసుకుంటే చాలదు, పాముకాటు ఇంజక్షన్ అక్కడ స్టాకు ఉందో లేదో స్వయంగా వెళ్లి అడగండి. మన్ననూరు వైపు పనిచేసేవాళ్లకి అచ్చంపేట, శ్రీశైలం వైపు వాళ్లకి సున్నిపెంట, దోర్నాల దాటితే మార్కాపురం దగ్గర. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అర్ధరాత్రి ఎవరినైనా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే గేటు తీయించే సిబ్బంది నంబరు ముందే మీ దగ్గరుండాలి.

ఇప్పచెట్టు కింద

నల్లమలలో నేను పులికంటే ఎలుగుబంటికే ఎక్కువ భయపడతాను. పులి మన అలికిడి విని చాలాసార్లు ముందే తప్పుకుంటుంది. ఎలుగుకి చూపు అంతంత మాత్రం, తిండిలో పడితే మనం పక్కకొచ్చేదాకా తెలియదు, తెలిశాక బెదిరి మీదపడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. ఆ తర్వాత తునికి పండ్లు. సరిగ్గా మనం సర్వే మొదలుపెట్టే వేళకి ఎలుగు వాటికోసం ఆ చెట్ల కిందే ఉంటుంది.

ఒకసారి ప్లాటులో ఐదో చెట్టు కొలుస్తున్నాను. నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి, అంకె చదవడానికి మొహం బెరడుకి ఆనించాను. ఎక్కడో కొలిమి తిత్తి ఊదుతున్నట్టు బుస్సుబుస్సుమని శబ్దం వినపడుతూనే ఉంది, నా బుర్రకి ఎక్కలేదు. వాచర్ పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "సారూ, టేపు వదిలెయ్. చిన్నగా వెనక్కి రా" అన్నాడు. ముప్ఫై మీటర్ల దూరంలో ఎలుగు పుట్టలో మూతి పెట్టి చెదలు పీలుస్తోంది. మాకు వినపడింది ఆ పీల్చే శబ్దమే. మేం ఒక్కొక్క అడుగూ వెనక్కి వేసుకుంటూ వాగులోకి దిగాం. టేపు మర్నాడు తెచ్చుకున్నాం.

ఇప్పచెట్లు, రాతి గుహలు, పెద్ద పుట్టలు ఉన్న చోటికి వెళ్తున్నప్పుడు మాట్లాడుకుంటూ వెళ్లండి. లైన్ ట్రాన్సెక్టులో, అంటే తిన్నటి గీత వెంట నడుస్తూ జంతువుల్ని లెక్కపెట్టేటప్పుడు, చప్పుడు చేయకూడదు కదా అని మీకు టెన్షన్ ఉంటుంది. అలాంటి ముక్క వచ్చినప్పుడు చప్పట్లు కొట్టండి, కొట్టామని షీటులో రాయండి. ఆ రోజు లైను పాడైతే మరో రోజు నడవొచ్చు. ఎదురుపడితే పరుగెత్తకండి, అది మీకంటే వేగంగా వస్తుంది. తప్పక మీద పడితే బోర్లా పడుకుని, రెండు చేతులూ మెడ వెనక కలిపి, మొహం నేలకి ఆనించండి. ఎలుగు ఎక్కువగా తల మీద, మొహం మీదే దాడి చేస్తుంది.

పులి దారిలో కూర్చుంటే

2021 నవంబరు 20న మహారాష్ట్రలోని తడోబాలో జరిగింది ప్రతి టీమూ తెలుసుకోవాలి. దేశవ్యాప్త పులుల లెక్కింపులో భాగంగా ఒక మహిళా ఫారెస్టు గార్డు ముగ్గురు సహాయకులతో కాలినడకన ఆనవాళ్ల సర్వే చేస్తోంది. దారిలో దాదాపు 200 మీటర్ల ముందు ఒక ఆడపులి కూర్చుని ఉంది. వాళ్లు అరగంట దాకా ఆగారు. అది లేవకపోయేసరికి గుబురు అడవిలోంచి చుట్టూ తిరిగి ముందుకు పోదామనుకున్నారు. పులి వెంటపడి ఆ గార్డుని చంపేసింది. ఆమె తన డ్యూటీ తాను చేస్తోంది, అంతే. అది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

పులి కనపడితే ఆ రోజుకి సర్వే అయిపోయినట్టే. వచ్చిన దారినే, దానికి వీపు చూపకుండా వెనక్కి రావాలి. పక్కదారి ఆలోచనే వద్దు. ఇంకో కిలోమీటరు మిగిలిందని సార్ ఏమంటారోనని భయపడే పిల్లలున్నారు. రీసెర్చ్ గైడుగా ఉన్న సార్లు ఈ మాట ముందే వాళ్లతో గట్టిగా చెప్పాలి.

చెట్టు ముట్టుకునే ముందు

ఆకు లేని కాలంలో చెట్టుని బెరడు చూసి పోల్చుకోవాలి. మొసలి వీపులా పగుళ్లిస్తే నల్లమద్ది, నున్నగా తెల్లటి బూడిద రంగులో ఉంటే చిరుమాను, గాటు పడిన చోట నెత్తురులాంటి ఎర్రటి జిగురు కారితే వేగిస. ఇది నేర్చుకోవడం చదువుకే కాదు, ఒంటికీ మంచిది. ఎందుకంటే నల్లజీడి రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కి చర్మం కాలినట్టవుతుంది. తెలియని చెట్టు కొమ్మ విరిచి వాసన చూసే అలవాటు మానుకోండి. దూలగొండి తీగలు ఎండి, కాయల మీది నూగు గాలికి రేగుతుంది. అంటుకుంటే గోకకండి, గోకిన కొద్దీ పాకుతుంది. సెల్లో టేపు అతికించి లాగి, తర్వాత నీళ్లతో కడగండి.

టేపు చుట్టడానికి చెట్టుని కౌగిలించుకునేముందు కర్రతో మొదట్లో ఆకులు కదపండి, అవతలి వైపు చూడండి. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోయి కదలకుండా పడుకుంటుంది. చీలమండలు కప్పే బూట్లు, వదులైన మందపాటి ప్యాంటు వేసుకోవాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏదీ వద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టి వెంటనే ఆస్పత్రికి బయల్దేరాలి. 108 రాలేని చోట బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని వెళ్లండి. పాముని పట్టాలని, చంపాలని చూడకండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే ఇంజక్షన్. కట్లపాము కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. నేలమీద పడుకున్నవాళ్లు తెల్లారేసరికి కడుపునొప్పి అన్నా, కనురెప్పలు వాలిపోతున్నా అనుమానించాల్సిందే. క్యాంపులో మంచం, దోమతెర ఖర్చని వెనకాడకండి.

ఎండ

ఎండదెబ్బ మొదట నాకు డేటా షీటులోనే కనపడుతుంది. చెట్టు దగ్గరున్నవాళ్లు 84 అని అరిస్తే రాసేవాళ్లు 48 అని రాస్తారు. గీతలు పక్క గళ్లలోకి పోతాయి. అడిగితే విసుక్కుంటారు. అప్పటికే ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయి. వెంటనే పని ఆపి నీడకి చేర్చి, లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ పూర్తిగా కలిపి కొద్దికొద్దిగా తాగించండి. మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా నోట్లో ఏమీ పోయకండి. ఒళ్లంతా తడిపి, విసురుతూ, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

మనిషికి రోజుకి నాలుగైదు లీటర్లు మోసుకెళ్లండి. మ్యాపులో ఉన్న చెలమలో నీళ్లుంటాయని నమ్మొద్దు. ఉన్నా అవి జంతువులవి, వాటి పక్కన కూర్చుని అన్నం తినకూడదు. ఉదయం పదిన్నరకల్లా పని ముగించండి. మధ్యాహ్నం చేసే కొలతల్లో తప్పులే ఎక్కువ దొర్లుతాయి.

మంట, తేనెటీగలు

పొగ వాసన వస్తే గాలి ఎటు వీస్తోందో చూసి, పక్కకి జరగండి. గుట్ట మీదికి ఎక్కొద్దు, ఎండుగడ్డిలో మంట పైకి మనకంటే వేగంగా పరుగెడుతుంది. అప్పటికే కాలిపోయిన నేల, వెడల్పైన వాగు, బోడిగా ఉన్న బండ ఆసరా. నూలు బట్టలే వేసుకోండి, పాలిస్టరు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. మీ టీమ్‌లో ఎవరి జేబులోనూ అగ్గిపెట్టె ఉండకూడదు.

కొండ చరియలకి, పెద్ద చెట్లకి పెద్ద తేనెపట్టు పట్టి ఉంటే దాని కింద ప్లాటు వేయకండి. సెంటు, ఘాటు నూనెలు మానేయండి. ఈగలు లేస్తే చేతులు ఊపుతూ నిలబడకుండా మొహం కప్పుకుని, జీపు చేరేదాకా ఆగకుండా పరుగెత్తండి. ముల్లుని గోటితో గీకి తీసేయండి. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా క్షణం ఆలస్యం చేయొద్దు.

చీకటి పడ్డాక అడవి అంచు పొలాలకి అడ్డంపడి రాకండి. అడవిపందుల కోసం మోకాలి ఎత్తులో చిన్న కర్రలకి సన్నని తీగ కట్టి కరెంటు పెట్టే దుర్మార్గపు అలవాటు చాలా ఊళ్లలో ఉంది. టార్చి వెలుగులో కూడా ఆ తీగ కనపడదు. ఎంత దూరమైనా బండి దారినే రండి.

క్యాంపుకి రాగానే బట్టలు విప్పి వేడినీళ్లలో నానబెట్టి, చంకలు, నడుము, మోకాళ్ల వెనక పిడుదులు పట్టాయేమో చూసుకోండి. పట్టకారుని చర్మానికి ఆనించి, పట్టిన పిడుదుని నిటారుగా లాగాలి, కాల్చకూడదు. ఇంటికెళ్లాక మూడు వారాల్లోపు జ్వరం వస్తే, మామూలు జ్వరమేలే అనుకోకుండా నల్లమలలో తిరిగొచ్చానని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి. ఒంటిమీద ఎక్కడైనా సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు ఉంటే చూపించండి, అది స్క్రబ్ టైఫస్ అనే, చిన్న పురుగులు కుడితే వచ్చే జ్వరం గుర్తు. సమయానికి డాక్సీసైక్లిన్ అనే మందు పడితే తగ్గిపోతుంది. మలేరియా పరీక్ష కూడా అదే రోజు చేయించుకోండి.