బైపీసీ చదివి ఇంగ్లీష్‌లోకి వచ్చారా? రొమాంటిక్ కవులు, సైన్సు మీద పీహెచ్‌డీ ఇలా మొదలుపెట్టండి

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఇంటర్‌లో సైన్సు చదివి, అనుకున్న ర్యాంకు రాక డిగ్రీలో, ఆ తర్వాత ఎంఏలో ఇంగ్లీష్‌కి వచ్చినవాళ్లు ఉంటారు. ఇంటర్‌లో సైన్సు చదివిన ఆ రెండేళ్లు దండగైపోయాయని అనుకోకండి, ఇక్కడ పనికొచ్చేది అవే.

రొమాంటిక్ కవుల (1800కి అటూ ఇటూగా రాసిన కీట్స్, కోల్‌రిడ్జ్ లాంటి ఇంగ్లీష్ కవులు) మీద పరీక్షల కోసం బట్టీపట్టిన 'ప్రకృతి ప్రేమ' నోట్సు ముందు పక్కన పెట్టండి. కీట్స్ లండన్ గైస్ హాస్పిటల్లో వైద్యం నేర్చుకుని 1816లో లైసెన్సు పరీక్ష పాసయ్యాడు. అదే ఏడాది రాసిన ఒక సానెట్‌లో (పద్నాలుగు పంక్తుల కవిత) కొత్త గ్రహం కంటపడిన మనిషి సంబరం ఉంటుంది, 1781లో హెర్షెల్ యురేనస్‌ని కనిపెట్టాడని తెలియకపోతే ఆ పోలిక సగమే అర్థమవుతుంది. కోల్‌రిడ్జ్ అయితే 1802లో హంఫ్రీ డేవీ కెమిస్ట్రీ లెక్చర్లకు వెళ్లి నోట్సు రాసుకున్నాడు.

టాపిక్ చిన్నది పెట్టుకోండి. 'రొమాంటిక్ కవిత్వం, విజ్ఞానశాస్త్రం' అంటే గైడ్ ఒప్పుకున్నా మీరే మునిగిపోతారు. ఒక కవి, ఒక శాస్త్రం, నాలుగైదేళ్ల కాలం చాలు. నన్నడిగితే డేవీనే తీసుకోమంటాను. ఆయన నోటుబుక్కుల్లో ప్రయోగాల పక్కనే పద్యాలుంటాయి, లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్లు వాటిని ఆన్‌లైన్లో పెట్టారు కాబట్టి వీసా అక్కర్లేదు. పైగా 1813లో ఫ్లోరైడ్‌లో ఉండే ఫ్లోరిన్‌ను విడదీయబోయి ఆ ఆవిర్లకు ఇబ్బంది పడ్డ మనిషాయన, నీళ్లలో ఫ్లోరైడ్ గురించి చిన్నప్పటి నుంచీ వింటున్న నల్గొండ వాళ్లకు ఆయన కొత్తవాడేం కాదు.

చదివేటప్పుడు ఆ కాలపు సైన్సు రచన ముందు, కవిత తర్వాత, విమర్శ చివర. విమర్శతో మొదలుపెడితే వాళ్ల మాటే మీ మాట అయిపోతుంది. ఇప్పటి సైన్సుతో అప్పటివాళ్లకు మార్కులు వేయకండి. 1803లో ఆల్దీని అనే ఇటలీ శాస్త్రవేత్త లండన్లో ఉరితీసిన మనిషి శవానికి కరెంటు పెట్టి జనానికి చూపించాడు, ప్రాణమంటే కరెంటేనేమో అన్న చర్చ నిజంగానే నడిచింది, శవాల ముక్కలతో చేసిన శరీరానికి ప్రాణం పోసే కథ, మేరీ షెల్లీ 1818 నాటి నవల ఫ్రాంకెన్‌స్టైన్, ఆ రోజుల పుస్తకం.

ఇక డబ్బు సంగతి. యూజీసీ నెట్ పరీక్ష రాయండి, అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 ఇస్తారు, ఇంట్లో "ఇది చదివితే ఏమొస్తది?" అనే టెన్షన్ కొంత తగ్గుతుంది. లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్లు మాత్రం ఎప్పుడు పడతాయో చెప్పలేం, అందుకే ఫెలోషిప్ లేకుండా దిగొద్దంటాను. ఓయూ, హెచ్‌సీయూ, ఇఫ్లూలలో ఈ సబ్జెక్టు గైడే దొరకాలని పట్టుబట్టకండి, 19వ శతాబ్దం శ్రద్ధగా చదివినవారైతే చాలు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు డేవీ నోటుబుక్కులోంచి ఒక్క పేజీ ప్రింట్ తీసుకెళ్లి, అందులో ఏముందో తెలుగులో మీ అమ్మకు చెప్పినంత తేలిగ్గా ఇంగ్లీష్‌లో చెప్పడం ప్రాక్టీస్ చేసి వెళ్లండి.