జ్ఞాపకంలో మిగిలిన వంటకానికి వార్షికోత్సవం జరపాలంటే

ఏటా ఒక రోజు ఒక పాత వంటకాన్ని వండుకుని అందరూ కలిసి తినాలన్న ఆలోచన చాలా ఇళ్లలో ఆ వంటకం చేసిన మనిషి పోయిన తరువాతే పుడుతుంది. అందుకే తేదీ గురించి ఆలోచించేలోపే, వండేవారు ఇంకా పొయ్యి దగ్గర నిలబడగలిగిన రోజుల్లోనే, ఆ వంట తీరును కొలతలతో సహా రాసి పెట్టుకోవడం మంచిది.

తేదీ ఎంచుకోవడం నిజానికి తేలిక. మార్కెట్లోకి వచ్చిన ఆహార పదార్థాలకు నమోదైన పుట్టినరోజులు ఉంటాయి: మొమొఫుకు ఆండో తయారుచేసిన ఇన్‌స్టంట్ నూడుల్స్ జపాన్‌లో 1958 ఆగస్టు 25న అమ్మకానికి వచ్చాయి, నుటెల్లా తొలి సీసా ఇటలీలోని ఆల్బా ఫ్యాక్టరీ నుంచి 1964 ఏప్రిల్ 20న బయటికి వచ్చింది. ఇంటి వంటకానికి అటువంటి ఆధారం దొరకదు కనుక, పాత ఫొటోల వెనుక రాసిన తేదీలనూ ఉత్తరాలనూ వెతకండి. ఏదీ దొరకకపోతే, వండినవారి వర్ధంతి కంటే జయంతిని ఎంచుకోవడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు శ్రమంతా కొలతల్లోనే ఉంది. చేయి తిరిగిన వారిని "ఎంత వేస్తారు?" అని అడిగితే "ఉజ్జాయింపుగా" అంటారు, వారి చేతికి స్పూను ఇచ్చి కొలిచి వేయమంటే చేయి తడబడి, రోజూ వేసేంత పడదు. కాబట్టి వారిని కొలవమనకుండా డబ్బాలను కొలవండి. వంట మొదలయ్యే ముందు ఉప్పు, నూనె, పిండి, మసాలా దినుసుల డబ్బాలను ఒక్కొక్కటిగా వంటింటి కాటా మీద పెట్టి బరువు రాసుకోండి. ఆ తరువాత పక్కన నిలబడి చూడడమే తప్ప మధ్యలో ఆపకండి. వంట ముగిశాక అవే డబ్బాలను మళ్లీ తూచండి: ఉప్పు డబ్బా 412 గ్రాముల నుంచి 403కు తగ్గిందంటే, "చిటికెడు" అని వారు చెప్పినది 9 గ్రాములన్న మాట. ఇలా వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు చేయండి. మూడుసార్లూ దాదాపు ఒకే బరువు పడిన దినుసు ఆ వంటకానికి ప్రాణం; ఎక్కువ తక్కువలు కనిపించిన వాటి విషయంలో మీకు కొంత స్వేచ్ఛ ఉంటుంది.

సమయాన్ని మాత్రం నిమిషాల్లో రాసి ఊరుకోకండి, ఎందుకంటే మంట మారినా, పాత్ర మందం మారినా ఆ నిమిషాలు పనికిరావు. ఫోనులో శబ్దాన్ని రికార్డు చేయండి. గిన్నెలో తడి ఉన్నంతసేపు ఒక రకం చప్పుడు వస్తుంది, నీరు ఇగిరిపోయాక అది మారుతుంది, సరిగ్గా ఆ తరువాతే రంగు తిరిగి కమ్మని వాసన మొదలవుతుంది. పిండి, మాంసం వంటివి వేగేటప్పుడు వచ్చే ఈ మార్పును 1912లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మయార్ వివరించారు. పైభాగం ఆరి, వేడి నీటి మరుగు స్థాయిని బాగా దాటితే తప్ప అది చురుగ్గా సాగదు. వండేవారు గరిటె ఆపి ఒక్క క్షణం వాసన చూసే ఘట్టం ఇదే కావచ్చు, దాన్ని తప్పక రాసుకోండి.

వండేవారు లేక పాత కాగితం మాత్రమే మిగిలితే, అందులోని కొలతలను వెంటనే నమ్మవద్దు. "కప్పు" అంటే అమెరికా పుస్తకంలో సుమారు 237 మిల్లీలీటర్లు, మెట్రిక్ కొలతలో 250, పాత బ్రిటిష్ కొలతలో 284. "ఒక ప్యాకెట్" అని ఉంటే ఆ కాలపు ప్యాకెట్ బరువెంతో తెలుసుకోవాలి, కంపెనీలు పరిమాణాలను మార్చుతూ వస్తాయి. కళ్లుప్పును స్పూనుతో కొలిస్తే మెత్తని ఉప్పు కంటే తక్కువ బరువు తూగుతుంది. ఈ సందేహాలు తీరాక చిన్న మోతాదులో వండి చూడండి, ప్రతిసారీ ఒక్క మార్పే చేయండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే రుచి దేనివల్ల దగ్గరపడిందో ఎప్పటికీ తేలదు.

పరీక్షించడానికి ఆ వంటకాన్ని చిన్నప్పుడు తిన్నవారినే పిలవండి. తినిపించేలోపు వాసన చూపించండి: ముక్కు నుంచి వెళ్లే సంకేతాలు మెదడులో జ్ఞాపకాలకూ భావోద్వేగాలకూ సంబంధించిన భాగాలను చాలా దగ్గరి దారిలో చేరతాయి కనుక, నాలుకకు అందని తేడా ఒక్కోసారి వాసనలోనే పట్టుబడుతుంది. అభిప్రాయాలను ఒకరి మాట మరొకరు వినకముందే విడివిడిగా రాయించుకోండి, లేకుంటే పెద్దవారి మాటకు అందరూ తలూపుతారు. వయసు పైబడిన వారు "అప్పటి ఘాటు లేదు" అంటే వెంటనే దినుసు పెంచకండి. వయసుతోపాటు వాసన పసిగట్టే శక్తి తగ్గుతుంది. మిగిలినవారు కూడా అదే మాట అన్నప్పుడే మార్చండి.

వార్షికోత్సవానికి వారం ముందు, ఆ రోజు వాడబోయే పాత్రలోనే, వడ్డించబోయే పూర్తి మోతాదులో ఒకసారి వండండి. మోతాదు రెట్టింపైతే గిన్నెలో లోతు పెరిగి నీరు ఇగరడానికి చాలాసేపు పడుతుంది, ఆ తేడా అతిథుల ముందు తెలియకూడదు. ఆనాటి తేదీ, పాత్ర, బరువులు, చేసిన మార్పు అన్నీ పాత కాగితం మీద కాకుండా దాని నకలు మీద రాసి, వచ్చే ఏడాది వండబోయేవారి పేరు కింద చేర్చండి.