ల్యాప్ స్టీల్ గిటార్ అడుగున ఫ్లాకింగ్: నాకు పనిచేసిన పద్ధతి

పాత చెక్క ల్యాప్ స్టీల్ (ఒళ్లో పడుకోబెట్టి వాయించే గిటార్) అడుగున ఉండే మఖమల్ లాంటి నూగు, అంటే ఫ్లాకింగ్, బట్టతలలా అయిపోయి, ఒళ్లో పెట్టుకుంటే జారిపోవడం, లుంగీకి నల్లటి పొడి అంటడం చాలామందికి ఉన్న బాధే. వెల్వెట్ గుడ్డ, స్టిక్కర్ ఫెల్ట్, స్ప్రే పెయింట్ అన్నీ చూశాను, ఏదీ నిలవలేదు.

చివరికి చేసింది ఇది. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి పాత జిగురు గీకేశాను. థిన్నర్ జోలికి వెళ్లలేదు, పక్కల ఉన్న లాకర్ పాలిష్‌ను తినేస్తుంది. 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, సీలర్ ఒక పూత వేశాను. ఇది మానేస్తే చెక్క జిగురును పీల్చేసుకుంటుంది. అంచులకు మాస్కింగ్ టేప్, స్క్రూ రంధ్రాల్లో అగ్గిపుల్లలు.

అసలు కిటుకు జిగురులో ఉంది. ఫ్లాక్ (నూగు పొడి) ఏ రంగులో ఉంటే జిగురూ ఆ రంగులోదే వాడాలి, అప్పుడు పలచగా పడ్డచోట చెక్క కనిపించదు. మొత్తం ఒకేసారి మందంగా పూసి, ఆరకముందే టీ జల్లెడతో ఫ్లాక్ పొడిని కుప్పగా పోశాను. పొదుపు చేయొద్దు, మిగిలింది మళ్లీ వాడుకోవచ్చు. వేలితో అద్దకుండా బల్లను కింద నుంచి తట్టాను. జిగురు తడిగా ఉండగానే టేప్ లాగేశాను. ముక్కుకు మాస్కు, ఫ్యాన్ బంద్ (మే నెల చెన్నైలో అదే పెద్ద శిక్ష). మర్నాటిదాకా ముట్టకుండా వదిలేసి, తర్వాతే దులిపాను.

కంపెనీలు కరెంటు ఛార్జితో నూగును నిలబెడతాయి, చేతి పని అంత ఒత్తుగా రాదు. అల్యూమినియం బాడీకి ముందు ప్రైమర్ కావాలేమో, నాది చెక్క కాబట్టి గ్యారంటీ ఇవ్వలేను.